వాన వెలిశాక మూడు గంటలు: గుత్తి నుంచి రామగిరి దాకా గామా కిరణాల వెంట

గుత్తి, శుక్రవారం

గుత్తి బస్టాండు వీధిలో పొద్దున ఆరున్నరకల్లా ఉగ్గాణి బాణలి దిగుతుంది. నీళ్లలో ముంచి పిండిన బొరుగులకు ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపు పట్టించి, పైన పుట్నాలపొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తారు. ప్లేటు 40 రూపాయలు. నిలబడే తినాలి. బల్లలు ఉన్నా వాటి మీద అప్పటికే పేపరు చదివే పెద్దలు కూర్చుని ఉంటారు, వాళ్లను లేవమని అడగడం అక్కడ మర్యాద కాదు.

మా తమ్ముడు భూగర్భశాస్త్రం చదివి రాళ్ల వెంట తిరగడమే ఉద్యోగంగా పెట్టుకున్నవాడు. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పి ఈమధ్యే రిటైరయ్యాను. రేడియోధార్మికత పాఠం బోర్డు మీద ఎంతమందికో చెప్పాను గానీ అది నేల మీద ఎలా పనికొస్తుందో కళ్లతో చూడలేదు. ఈసారి వాడు సీమలోని పాత బంగారు నేలల్లో గామా సర్వేకు వెళ్తున్నానంటే నేనూ సంచీ సర్దుకున్నాను.

వాడి భుజాన వేలాడే పసుపు పెట్టె గామా స్పెక్ట్రోమీటరు. లోపల సోడియం అయొడైడ్ స్ఫటికం ఉంటుంది. రాతిలోంచి వచ్చిన గామా కిరణం తగిలినప్పుడల్లా ఆ స్ఫటికంలో ఒక మెరుపు పుడుతుంది, మెరుపు ఎంత ప్రకాశంగా ఉందో దాన్నిబట్టి కిరణం శక్తి తెలుస్తుంది. నేలలోంచి వచ్చే గామా కిరణాల్లో లెక్కకు వచ్చేవి ముఖ్యంగా ముగ్గురివి. పొటాషియం-40 తన గుర్తును 1.46 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర వదులుతుంది. యురేనియం నేరుగా కనిపించదు, అది విచ్ఛిన్నమవుతూ పోతే పుట్టే సంతతిలోని బిస్మత్-214 విడిచే 1.76 దగ్గర పట్టుబడుతుంది. థోరియం కూడా అంతే, దాని సంతతిలోని థాలియం-208 విడిచే 2.62 దగ్గర. ఏ శక్తి దగ్గర ఎన్ని మెరుపులు పడ్డాయో లెక్కబెట్టి, పెట్టె మూడు అంకెలు ఇస్తుంది: పొటాషియం శాతంలో, మిగతా రెండూ పదిలక్షల పాళ్లలో.

బంగారానికి ఇందులో చోటు లేదు. బంగారం గామా కిరణాలు విడవదు. మరి బంగారం వెతకడానికి ఇదెందుకని గుత్తి కోట మెట్లెక్కుతూ అడిగాను. వాడు సగం కొండ దాకా జవాబు చెప్పలేదు. ఒక నున్నటి గ్రానైటు బండ మీద పెట్టె ఆనించి మూడు నిమిషాలు ఆగాడు. పొటాషియం నాలుగు శాతం పైన, థోరియం కూడా బాగా ఎక్కువ. "ఈ రెండూ కలిసి పెరిగాయి చూశావా అక్కా. గ్రానైటులో ఇది మామూలే. ఏది మామూలో ముందు నీ కంటికి అలవాటు కావాలి, మామూలు కానిది తర్వాత చూద్దాం" అన్నాడు.

గుత్తి మురారిరావు ఘోర్పడే ఏలిన కోట. పైదాకా ఎక్కితే చుట్టూ ఎర్రనేల, మధ్యమధ్య గుండ్రాళ్ల గుట్టలు. కొండ కింద తెల్లవాళ్ల శ్మశానం ఉంది. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన థామస్ మన్రోను మొదట ఇక్కడే పూడ్చారు. తర్వాత అవశేషాలను మద్రాసుకు తీసుకువెళ్లారు. సీమ రైతులు ఆయన పేరు పిల్లలకు పెట్టుకున్నారని చిన్నప్పుడు మా తాత చెప్పేవాడు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర పప్పు, ఊరిబిండి. ఇద్దరికీ కలిపి 180. రొట్టె చల్లారితే వడ్డించే అమ్మ ఒప్పుకోదు, పళ్లెంలోంచి తీసేసి వేడిది వేస్తుంది.

ఎర్రగుడి, శనివారం

పత్తికొండ రోడ్డులో పోయి ఎర్రగుడికి ముందు కొండవైపు తిరగాలి. ఫోనులోని మ్యాపు మా కారును ఆముదం చేలో ఆగిపోయే బండిబాటలోకి నడిపించింది. గొర్రెలు కాసే అవ్వ ఒకామె దగ్గరికొచ్చి, "శాసనాల కాడికేనా? ఆ ఫోన్లో బొమ్మను నమ్మినోళ్లంతా మా చేన్లోకే వస్తాండారు. ఎనక్కి పోయి, వేపమాను కాడ తిరగండమ్మా" అని చెప్పింది. మంచినీళ్ల బాటిలు ఇస్తే సగం తాగి, మిగతాది కుక్కపిల్లకు దోసిట్లో పోసింది.

అశోకుడి శాసనాలున్న బండలను 1929లో గుర్తించినది ఒక భూగర్భ శాస్త్రవేత్త, అనూ ఘోష్. రాళ్లలో ఖనిజం కోసం కళ్లు అలవాటు పడ్డ మనిషికి రాతి మీది గీతలు ముందు కనబడటం నాకు ఎంతో సబబుగా అనిపించింది. ఒకే కొండ మీద పెద్ద శిలాశాసనాలు పద్నాలుగూ, వాటితోపాటు చిన్న శాసనాలూ ఉన్నాయి. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. చెక్కినవాడు వరసలు అలా ఎందుకు తిప్పాడో ఆలోచిస్తూ ఎండలో చాలాసేపు నిలబడిపోయాను.

కర్ణాటకలోని బ్రహ్మగిరి శాసనంలో సువర్ణగిరి అనే చోట ఉన్న రాజకుమారుడి ప్రస్తావన ఉంది. ఆ సువర్ణగిరి ఈ పక్కనున్న జొన్నగిరే అని కొందరు చరిత్రకారులు అంటారు, మస్కి అనీ కనకగిరి అనీ మరికొందరు. ఏది నిజమైనా, అవన్నీ పాత బంగారు నేలలకు దగ్గరివే కావడం గమనించాలి.

శాసనాల బండల దగ్గర తమ్ముడు పెట్టెను సంచిలోంచి తీయలేదు. దిగి వచ్చాక ఒక చెట్టు కింద కూర్చుని నిన్నటి ప్రశ్నకు జవాబు చెప్పాడు.

ఈ ప్రాంతపు రాళ్లు రెండున్నర వందల కోట్ల సంవత్సరాల పైబడినవి. భూమి లోపల పగుళ్ల వెంట 300 డిగ్రీల అటూఇటూ వేడిమి ఉన్న నీరు పైకి ఎగదన్నింది. అందులో కార్బన్ డయాక్సైడు, గంధకం, కరిగిన పొటాషియం ఉన్నాయి. గంధకంతో జతకట్టి బంగారమూ అందులోనే కరిగి ఉంది. దారిలో తగిలిన రాతిని ఆ నీరు మార్చేసింది. నల్లటి రాతిలో బయొటైటు అభ్రకం పుట్టింది, లేత రంగు రాతిలో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం చితికి సెరిసైటు అనే సన్నటి వెండి రంగు అభ్రకం అయింది. ఈ రెండు అభ్రకాల్లోనూ పొటాషియం ఉంటుంది. గంధకం రాతిలోని ఇనుముతో కలిసి పైరైటుగా దిగిపోతే, దాన్ని పట్టుకుని ఉన్న బంగారం అక్కడే విడిపోయింది. అంటే పొటాషియం పెరిగినచోట వేడినీరు నడిచింది. నడిచినచోటల్లా బంగారం ఉండదు, కానీ నడవనిచోట ఉండే ఆశ మరీ తక్కువ.

"మరి నిన్న గుత్తి కొండ మీద పొటాషియం నాలుగు శాతం ఉంది కదరా?"

"అందుకే థోరియం" అన్నాడు. ఆ వేడినీటిలో థోరియం దాదాపు కరగదు. మోనజైటు, జిర్కాన్ లాంటి మొండి ఖనిజాల్లో ఉండిపోతుంది. ఎంతమంది వచ్చిపోయినా అరుగు దిగని ఇంటిపెద్ద అది. శిలాద్రవం గ్రానైటుగా మారేటప్పుడు పొటాషియం, థోరియం జంటగా పెరుగుతాయి. వేడినీరు తెచ్చి పోసినప్పుడు పొటాషియం ఒక్కటే పెరుగుతుంది. కాబట్టి చూడవలసింది పొటాషియం ఎంత అని కాదు, థోరియంతో పోలిస్తే ఎంత అని. కెనడాలోని మౌంట్ మిల్లిగన్ రాగి, బంగారు నిక్షేపం దగ్గర ఈ పోలికే గురి చూపించింది. ఇన్నేళ్లు పాఠం చెప్పిన నాకు, థోరియం శ్రేణిని ఒక కొలబద్దగా వాడుకోవచ్చని ఆ చెట్టు కిందే మొదటిసారి మనసుకెక్కింది.

జొన్నగిరి, ఆదివారం

జొన్నగిరి, పగిడిరాయి, తుగ్గలి చుట్టూ చేలన్నిటా జనం. తొలకరి వాన పడిందంటే వజ్రాల వేట మొదలవుతుంది. అనంతపురం, కడప, ప్రకాశం, బళ్లారి నుంచి కుటుంబాలు కుటుంబాలుగా వచ్చి, గుడి అరుగుల మీద, చెట్ల కింద టార్పాలిన్లు కట్టుకుని ఉంటున్నాయి. తెల్లవారకముందే చేలల్లో దిగి తలవంచుకుని నడుస్తారు. వానకు పైమట్టి కొట్టుకుపోయి రాయి కడిగినట్టవుతుంది, ఏటవాలుగా పడే పొద్దుటి ఎండకు మెరుస్తుంది, అదీ వాళ్ల లెక్క. విత్తనం వేసిన చేలోకి మాత్రం ఎవరూ దిగరు. గట్టు మీద ముళ్లకంప కనబడితే చాలు, పక్కకు తిరిగిపోతారు. ఈ కట్టుబాటు ఎవరూ రాయలేదు, అందరూ పాటిస్తున్నారు.

నంద్యాల వైపు నుంచి వచ్చిన ఒకావిడ భర్తతో, ఇద్దరు పిల్లలతో పదిరోజులుగా అక్కడే ఉంటోంది. రోజుకు ఖర్చు 300 దాకా అవుతోందట: నీళ్ల క్యాను 20, టీలు, బియ్యం, పిల్లలకు బిస్కెట్లు. ఇంతవరకు ఏమీ దొరకలేదు. పోయినేడు ఆమె చెల్లెలికి చిన్నది దొరికిందని, ఏజెంటు డబ్బుతోపాటు తులం బంగారం ఇచ్చాడని చెప్పింది. ఏజెంట్లు టీ కొట్ల దగ్గర మోటారుసైకిళ్ల మీద కూర్చుని ఉన్నారు, వాళ్లతో ఎవరూ గట్టిగా మాట్లాడరు.

పసుపు పెట్టె చూడగానే మా చుట్టూ మూగారు. "వజ్రం కాడికి పోతే కూస్తాదా సార్?" అని ఒక కుర్రాడు. కూయదు, వజ్రం దీనికి కనిపించదు అన్నాడు తమ్ముడు. వెంటనే ఒక పెద్దాయన, తలపాగా తీసి భుజాన వేసుకుంటూ, ముఖం గంభీరంగా పెట్టి అడిగాడు. "అయితే యురేనియం కోసమా? నిజం చెప్పప్పా."

ఆ భయానికి కారణం ఉంది. 2024లో ఇక్కడికి ఎంతో దూరంలేని కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారని తెలిసి చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అప్పటినుంచి పెట్టె పట్టుకుని ఎవరొచ్చినా ఊళ్లో గుండె దడే.

తమ్ముడు పెట్టె ఆయన చేతికి ఇచ్చాడు. ఇది దేన్నీ నేలలోకి పంపదు, నేలలోంచి ఎప్పుడూ వస్తూనే ఉన్నదాన్ని లెక్కబెడుతుంది, అంతే, అని చెప్పాడు. నేను పక్కన కూర్చుని మిగతాది చెప్పాను. పొటాషియంలో పదివేల పరమాణువులకు ఒకటి చొప్పున రేడియోధార్మికత ఉంటుందనీ, దాని అర్ధాయువు, అంటే అందులో సగం విచ్ఛిన్నమవడానికి పట్టే కాలం, 125 కోట్ల సంవత్సరాలనీ, మన ఒంట్లో ఉన్న పొటాషియంలోనే సెకనుకు సుమారు 4000 పరమాణువులు విచ్ఛిన్నమవుతాయనీ, చెనిక్కాయల్లోనూ అది ఉంటుందనీ. "పెట్టెలో యురేనియం అంకె కూడా వస్తుంది పెద్దాయనా, దాన్ని దాచం. ఇక్కడ ఆ అంకె ఎంతుందో మీరే చూడండి" అని ముగ్గురం వంగి చూశాం. మామూలు నేలకు ఎంతుంటుందో అంతే ఉంది. ఆయన చాలాసేపు తెరవైపు చూసి, "ముందొచ్చినోళ్లు ఎవురూ ఇట్ల కూర్చోని చెప్పల్యా" అన్నాడు.

నాకు ఆ మాట పట్టుకుంది. 2017 నుంచి దేశంలో చాలాచోట్ల విమానాలతో అయస్కాంత, గామా సర్వేలు జరుగుతున్నాయి. 80 మీటర్ల ఎత్తున, 300 మీటర్లకొక గీత చొప్పున తిరుగుతున్నాయి. ఎవరి చేల మీదుగా అవి పోతున్నాయో వాళ్లకు, అవి ఏం వింటున్నాయో తెలుగులో ఒక పేజీ రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించవచ్చు. అంత చిన్న పనికి ఎవరూ పూనుకోకపోవడం నాకు బాధ కలిగించింది. భయం తెలియకపోవడంలోంచి వస్తుంది, తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు.

సాయంత్రం ఐదింటికి పడమట నల్లగా కమ్మి, వడగళ్లతో వాన.

జొన్నగిరి, సోమవారం

వాన తెల్లవారుజామున మళ్లీ మొదలై ఆరింటికి వెలిసింది. వజ్రాలు వెతికేవాళ్లు పరుగున చేలల్లోకి పోయారు. మేం మాత్రం టీ కొట్టు పక్కన కదలకుండా కూర్చున్నాం.

వాన వెలవగానే కొలిస్తే యురేనియం అంకె అబద్ధం చెబుతుంది. నేలలోంచి రేడాన్ వాయువు గాలిలోకి లేస్తూ ఉంటుంది. దాని సంతానమైన సీసం-214, బిస్మత్-214 గాలిలోని ధూళికి అంటుకుని తిరుగుతాయి. వాన వాటినంతా కడిగి నేల మీద పోస్తుంది. పెట్టె యురేనియాన్ని గుర్తుపట్టేది బిస్మత్-214తోనే కాబట్టి, నేలలో ఉన్నట్టుండి యురేనియం పెరిగిపోయినట్టు చూపిస్తుంది. వీటి అర్ధాయువులు 27 నిమిషాలు, 20 నిమిషాలు. మూడు గంటలు ఓపిక పడితే వానతో దిగినదంతా అణగిపోతుంది. నేను నమ్మడానికని తమ్ముడు పెట్టెను ఒకేచోట పెట్టి అరగంటకోసారి చూపించాడు. అంకె మెట్టుమెట్టుగా దిగింది. అర్ధాయువు వంపు గీత నా కళ్లముందు చేలో గీసుకుంటున్నట్టే ఉంది.

తడి సంగతి వేరు. అది మూడు గంటల్లో పోదు. మట్టిలో తేమ పది శాతం పెరిగితే నేల పైకి వచ్చే కిరణాలు ఇంచుమించు పది శాతం తగ్గుతాయి. అయితే పొటాషియం, థోరియం రెండూ దాదాపు ఒకే పాళ్లలో తగ్గుతాయి కాబట్టి వాటి నిష్పత్తి నిలబడుతుంది. థోరియాన్ని పక్కన పెట్టుకున్నందుకు ఇది ఇంకో లాభం.

తొమ్మిదిన్నరకు మొదలుపెట్టాం. గ్రానైటుకు దగ్గరి చుట్టమైన గ్రానోడయొరైటు నేల మీద తూర్పు నుంచి పడమటికి, పదేసి మీటర్లకు ఒకచోట. ఒక్కోచోట మూడు నిమిషాలు. పెట్టె చూసేది తన చుట్టూ ఒకటి రెండు మీటర్లు, లోతుకు ఒక అడుగు. అంతకన్నా కిందనుంచి వచ్చే కిరణాలను మట్టే మింగేస్తుంది. ఇది ఎప్పుడూ మరిచిపోకూడని సంగతి: గామా సర్వే నేల చర్మాన్ని మాత్రమే చదువుతుంది. విమానమైతే ఒక్కసారికి వందల మీటర్ల నేలను కలిపి చూస్తుంది, రెండు మూడు మీటర్ల వెడల్పున్న మార్పు అందులో కలిసిపోతుంది. అందుకే చివరికి కాళ్లతో నడవాలి.

పదకొండింటి ప్రాంతంలో ఒక ఉడుకురాతి గట్టు దగ్గరికొచ్చాం. క్వార్ట్జు రాయిని ఇక్కడ అలాగే అంటారు. గట్టుకు రెండువైపులా రాయి చితికి, ఆకుల్లా పొరలు విడిపోతూ, వేళ్లకు పట్టు గుడ్డలా జారే పొడి అంటుకుంటోంది. సెరిసైటు. అక్కడక్కడ తుప్పు రంగు గూళ్లు, ఒకప్పుడు పైరైటు గింజలు ఉన్నచోట్లు. పొటాషియం లేచింది. థోరియం వెనకటి అంకె దగ్గరే ఉంది. గట్టు దాటి పన్నెండు అడుగులు వేశామో లేదో మళ్లీ మామూలైంది. ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు నడిచాం, ప్రతిసారీ అదే తీరు. ఈ చుట్టుపక్కల ఇప్పుడు ప్రైవేటు కంపెనీ బంగారు గని తెరవడానికి కారణమైన రాతిమార్పు ఇలాంటిదే. గని సరిహద్దు లోపలికి మేం వెళ్లలేదు.

మేం నడిచిన చేను రైతు మాకు గట్టు మీద అన్నం పెట్టించాడు. కొర్రన్నం, పచ్చిపులుసు, కాల్చిన ఎండుమిర్చి. డబ్బులు ఇస్తామంటే కోపం తెచ్చుకున్నాడు. చేయి కడుక్కుంటూ, చాలా తెలివైన ప్రశ్న అడిగాడు. "నేను పోయినేడు పొటాషు బస్తా ఏసినా. మీరు చూసింది అదేనేమో?"

తమ్ముడు పుల్లతో మట్టి మీద లెక్క వేశాడు. ఎకరంలో అడుగు లోతు మట్టి దాదాపు 1800 టన్నులు. అందులో పొటాషియం ఒక్క శాతమే అనుకున్నా 18 టన్నులు. 50 కిలోల పొటాషు బస్తాలో పొటాషియం పాతిక కిలోలు. ఎకరానికి ఒక బస్తా వేస్తే పెట్టెకు తెలియను కూడా తెలియదు. రైతు లెక్కను రెండోసారి తనే నోటితో చెప్పుకున్నాడు. తర్వాత, "పద్దెనిమిది టన్నులుండంగ నేనెందుకప్పా కొంటాండేది?" అన్నాడు. రాతి ఖనిజంలో బిగిసి ఉన్నది వేరుకు అందదు, బస్తాలోది నీళ్లలో కరుగుతుంది, అందుకే కొనాల్సి వస్తుంది అని చెప్పాం. ఆ మధ్యాహ్నం జరిగిన మాటల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే.

పత్తికొండ మీదుగా, మంగళవారం

నల్లరేగడి మొదలవగానే పెట్టె మందగించింది. మందంగా పరుచుకున్న మట్టి అది, అడుగున ఉన్న రాతి మాట పైకి రాదు. రెండు మూడుచోట్ల చూసి మానేశాం. మార్కెట్టులో టమాటా పెట్టె రేటు పడిపోయి రైతులు మౌనంగా నిలబడి ఉన్నారు. అక్కడ ఎవరితోనూ రాళ్ల గురించి మాట్లాడబుద్ధి కాలేదు. రెండు పెట్టెలు కొని, దారిలో మా చెల్లెలి ఇంట్లో ఇచ్చాం.

రామగిరి, బుధవారం, గురువారం

ధర్మవరం దాటి రామగిరి వైపు పోతుంటే గాలిమరలు ముందు కనిపిస్తాయి. ఇప్పుడు ఇది శ్రీసత్యసాయి జిల్లా. కొండల వరస మీద రెక్కలు తిరుగుతుంటే, కింద చెట్టూచేమా మొలిచిన రాతిదిబ్బలు. బ్రిటిషు కాలంలో ఇక్కడ బంగారం తవ్వారు. తర్వాత భారత్ గోల్డ్ మైన్స్ యెప్పమాన గనిని నడిపింది. కోలారు గనులు మూతబడిన 2001 ప్రాంతంలోనే ఇదీ ఆగిపోయింది.

ఊళ్లో గనిలో పనిచేసిన ఒకాయన దొరికాడు. కాఫీ తాగిస్తే గంటసేపు మాట్లాడాడు. లోపల వేడి, డ్రిల్లు మోత, చెవుల్లో ఇప్పటికీ మిగిలిన హోరు. "మాకు మిషన్లు ఏం జెప్పలేదు సామీ. రాయి పలకల మాదిరి జారతాంటే, దాంట్లో పొగరంగు ఉడుకురాయి ఉంటే, అయ్య ఇంజినీరు రాకముందే మాకు తెలిసేది, ఇది మంచి రాయని." ఆయన చెప్పిన జారే పలకలే సెరిసైటు షిస్టు. తమ్ముడు సంచిలోంచి జొన్నగిరి రాయి తీసి ఇస్తే వేళ్లతో నలిపి, నాలుక చివర తడిచేసి చూసి, "ఇదీ అదే జాతి" అన్నాడు. పెట్టె మూడు నిమిషాల్లో చెప్పేదాన్ని ఆయన వేళ్లు క్షణంలో చెప్పాయి. ఆయనలాంటివాళ్ల జ్ఞానం ఎవరూ రాసిపెట్టకుండానే పోతోంది, ఇది నాకు నిజంగా కష్టంగా తోచింది. ఆయన అనుమతితో ఆ మాటలన్నీ నా నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాను.

రామగిరి నేల ఈ సర్వేకు జొన్నగిరి కన్నా అనువైనది. ఇక్కడ రాయి చాలావరకు ముదురు ఆకుపచ్చ బసాల్టు, రూపుమారిన లావా. అందులో పొటాషియం సహజంగా అర శాతం కూడా ఉండదు. అలాంటి నేలలో వేడినీరు నడిచిన గీత దాగదు. రాయచూరు జిల్లా హట్టి గనుల్లోనూ ఇదే కథ. అక్కడ నల్లరాతిలో బంగారు సిరల్ని ఆనుకుని బయొటైటు పట్టీ, దానికి బయట క్లోరైటు అనే ఆకుపచ్చ ఖనిజపు పట్టీ ఉంటాయి. పైగా అనంతపురం సీమలో వాన తక్కువ, నేల పలుచన. ఎక్కువ వానలుండే చోట పొటాషియం కడుక్కుపోయి లాటరైటు అనే ఎర్రటి రాతిమట్టి మిగులుతుంది. ఇక్కడ కరువు తెచ్చిన కష్టం ఎంతున్నా, రాతి జ్ఞాపకాన్ని మాత్రం అది చెరపలేదు.

రెండు రోజులూ దిబ్బలకు దూరంగా, కదలని రాతి మీదే నడిచాం. గనిలోంచి పారబోసిన రాయి కలిస్తే లెక్క చెడిపోతుంది. బుధవారం ఒకచోట పొటాషియం ఒక్కసారిగా ఎగిరింది. నేను ఉత్సాహంగా దగ్గరికెళ్లాను. తమ్ముడు థోరియం చూపించాడు, అదీ ఎగిరింది. కాలితో మట్టి గీరితే పాత తారురోడ్డు కంకర, ఎక్కడో క్వారీనుంచి తెచ్చిన గ్రానైటు ముక్కలు. పొటాషియం ఒక్కదాన్నే నమ్మినవాళ్లు అక్కడ గొయ్యి తవ్వుదురు.

గురువారం పొద్దున ఇంకో రకం చిక్కు వచ్చింది. పొటాషియం పెరిగింది, థోరియం పెరగలేదు, నిష్పత్తి చక్కగా లేచింది. కానీ చితికిన రాయి లేదు, తుప్పు లేదు. గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ పెద్దపెద్ద పలుకులతో ఒక పెగ్మటైటు గీత అది. దానికదే పొటాషియం ముద్ద. అంకెలు రెండూ కలిసి సాక్ష్యం చెప్పినా, వంగి రాయిని చేతిలోకి తీసుకోకపోతే నమ్మరాదని అక్కడ తెలిసింది. అసలైన గీత పదింటికి దొరికింది. ఆకుపచ్చ రాయి మధ్యలో ఆరేడు మీటర్ల వెడల్పున బూడిదరంగు పలకలు, మధ్యలో పొగరంగు ఉడుకురాయి. పొటాషియం రెండు శాతం దాటింది, థోరియం చలించలేదు. ఉత్తరంగా ముప్పై మీటర్లు జరిగి మళ్లీ అడ్డంగా నడిస్తే మళ్లీ అదే. ఇంకా పైకి పోతే చెనిక్కాయ చేను అడ్డమొచ్చింది, అప్పుడే మొలకలు లేస్తున్నాయి. గట్టు మీదే ఆగిపోయాం.

రాత్రి రాగిసంగటి, నాటుకోడి పులుసు. మనిషికి 150. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోశారు, అడగకుండానే. నమలకుండా మింగాలని పక్క బల్ల మీదున్న లారీ డ్రైవరు నాకు నేర్పించాడు.

ధర్మవరం, శుక్రవారం

లాడ్జి గది అద్దె 900, కరెంటు రెండుసార్లు పోయింది. కొవ్వొత్తి పక్కన పెట్టుకుని తమ్ముడు గ్రాఫు కాగితం మీద నిష్పత్తుల గీతలు గీశాడు. ల్యాప్‌టాప్ ఉన్నా చేత్తో గీయడం వాడికి ఇష్టం, చూడటం నాకూ ఇష్టం. జొన్నగిరి గట్టు దగ్గర ఒక కొన, రామగిరిలో అసలైన గీత మీద రెండు. పెగ్మటైటు దగ్గరి కొనను ఎర్ర పెన్సిలుతో కొట్టేశాడు. కంకర రోడ్డు దగ్గర గీత చదునుగానే ఉంది.

ఈ కొనల కింద బంగారం ఉందో లేదో ఈ పెట్టె చెప్పదు. ఆ మూడుచోట్లా రాతి ముక్కలు కొట్టి, పొడి చేసి, ప్రయోగశాలలో పరీక్షించాలి. అందులో బంగారం, దానికి తోడుగా ఆర్సెనిక్ ఎంతున్నాయో చూడాలి. అవీ లేస్తే అప్పుడు కందకం, ఆ తర్వాతే బోరు, అదీ అనుమతులు వచ్చాక, నేల యజమాని సరేనన్నాక. వేడినీరు నడిచిన గీతలు వంద దొరికితే గని అయ్యేది ఒకటి కూడా కాకపోవచ్చని వాడన్నాడు. అయినా వాడి ముఖంలో నిరాశ లేదు.

చెనిక్కాయ చేను రైతుకు ఫోను చేశాం. పంట నవంబరుకల్లా పీకేస్తాడట, ఆ తర్వాత ఎప్పుడైనా రమ్మన్నాడు. వచ్చేటప్పుడు జొన్నగిరిలో నేను చెప్పినదంతా ఒక పేజీలో తెలుగులో రాసి తెమ్మని తమ్ముడు నాకు పని అప్పగించాడు. ఆ పేజీ మొదలుపెట్టాను, పొటాషు బస్తా లెక్కతో.